ఫైనలియర్ వాడి జేబులో ఏముండేది

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ర్యాలీ కదలడానికి ముందు ఒక అరగంట ఎప్పుడూ ఉత్తగనే పోయేది. పదకొండు గంటలకని కరపత్రంలో ఉంటే పదకొండున్నరకు గానీ బ్యానర్ లేచేది కాదు. డప్పులు మంట దగ్గర కాగుతుండేవి. మైకు ఆటో ఇంకా తార్నాక దాటలేదని ఎవరో ఫోన్‌లో అరుస్తుండేవారు. ఆ అరగంటలో గుంపును కాస్త పరకాయించి చూస్తే ఎవరు ఏ సంవత్సరం చదువుతున్నారో ఇట్టే తెలిసిపోయేది. ఫస్టియర్ పిల్లలు టీవీ కెమెరాలు ఎటున్నాయో చూసి అటు జరిగేవాళ్లు. సెకండియర్ వాళ్లకు చేతినిండా పనులు, అటూ ఇటూ ఉరికేవాళ్లు. ఫైనలియర్ వాడు మాత్రం నిలబడ్డ చోటే జేబులు తడుముకునేవాడు.

ఆ జేబులో ఏముండాలి, ఏముండొద్దు అన్నదాని మీద ఉస్మానియాలో ఒక శాస్త్రమే నడిచేది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. సీనియర్ నుంచి జూనియర్‌కు, రూమ్మేట్ నుంచి హాస్టల్ సీటు లేక అదే గదిలో చాప వేసుకుని పడుకునే నాన్ బోర్డర్‌కు నోటిమాటగా వచ్చింది. ఆ బ్యాచ్‌లు చెదిరిపోయాక ఆ మాటలూ పోయినట్టున్నాయి. గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడితే అప్పటివాళ్లు మిగతాది పూరిస్తారు.

ముందు కాలం సంగతి. 2009లో డిగ్రీలో చేరినవాడి చదువు 2012 ఎండాకాలానికి అయిపోయింది. అంటే వాడి డిగ్రీ మొత్తం ఈ తేదీల మధ్యే గడిచింది: 2009 నవంబర్ 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో కేసీఆర్ అరెస్టు, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, అదే నెల 23న ఆ మాట వెనక్కి పోవడం, 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జన, ఫిబ్రవరి 20న చలో అసెంబ్లీ, 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్, సెప్టెంబర్ 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. ఈ తేదీల పక్కన పరీక్షల తేదీలు రాసుకుంటే అప్పటి ఫైనలియర్ వాడి కష్టం అర్థమవుతుంది. అప్పట్లో డిగ్రీ వాళ్లకు వార్షిక పరీక్షలే, మార్చి ఏప్రిల్ నెలల్లో వచ్చేవి. ఉద్యమానికేమో చలికాలం, ఎండాకాలం మొదలూ బాగా అచ్చొచ్చేవి. మిలియన్ మార్చ్‌నైతే ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయని మధ్యాహ్నం ఒంటి గంట తర్వాతకు పెట్టారు. ఇంటర్ పిల్లల గురించి ఆలోచించారు, బాగుంది. డిగ్రీ ఫైనలియర్ వాడి గురించి ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే ర్యాలీలో సగం వాడే.

అందుకే మొదటి సూత్రం: హాల్ టికెట్ ఒంటి మీద ఉండకూడదు. "తమ్మీ, హాల్ టికెట్ రూంల వెట్టి రా" అన్న మాట వినని ఫైనలియర్ వాడు ఉండడు. లాఠీ లేస్తే ముందు పోయేవి చెప్పులు, తర్వాత చొక్కా జేబులోవి. డూప్లికేట్ హాల్ టికెట్ దొరకదని కాదు. దరఖాస్తు, ఫోటో, ప్రిన్సిపాల్ సంతకం, ఫీజు, ఎగ్జామినేషన్ బ్రాంచి కిటికీ ముందు లైను, ఇన్ని కావాలి. బంద్ రోజుల్లో ఆ కిటికీయే తెరుచుకోదు. పరీక్ష ఎల్లుండి ఉందనగా పోతే అంతే సంగతులు. అందుకని హాల్ టికెట్ రాగానే నాలుగు జిరాక్సులు తీసి ఒకటి రూమ్మేట్ ట్రంకు పెట్టెలో, ఒకటి ఊళ్లో పెట్టేవాళ్లు. నంబరు చేతనుంటే సగం పని అయినట్టే.

ఐడీ కార్డు మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. క్యాంపస్ చుట్టూ పికెట్లు ఉన్నప్పుడు కార్డు లేకపోతే సొంత హాస్టల్‌కే పోనిచ్చేవారు కాదు. తీరా దొరికిపోతే అదే కార్డు పోలీసు చేతిలో తండ్రి పేరు, ఊరు, రోల్ నంబరుతో సహా అన్నీ చెప్పేసేది. మధ్యేమార్గంగా చాలామంది మెడలో తాడుకు వేసుకోకుండా సాక్సులో మడిచి పెట్టుకునేవారు. చెమటకు లామినేషన్ ఉబ్బిపోయి ఫోటోలో మొహం చెరిగిన కార్డులు ఆ బ్యాచ్‌ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి.

డబ్బు రెండు చోట్ల ఉండాలి. పై జేబులో పది, ఇరవై నోట్లు, బూటులో ఒక యాభయో వందో. ఎందుకో అరెస్టుల దగ్గర చెప్తాను. చిన్న కాగితం ముక్క మీద రెండు ఫోన్ నంబర్లు, ఒకటి ర్యాలీకి రానివాడిది అయి ఉండాలి. వచ్చినవాడి నంబరు రాసుకుంటే ఏం లాభం, వాడూ అదే వ్యానులో ఉంటాడు. తర్వాత చేతిరుమాలు, అరలీటరు నీళ్ల సీసా. ఉండకూడనివి: అగ్గిపెట్టె, లైటరు, పెన్సిల్ చెక్కే బ్లేడు, చిన్న చాకున్న కీచైను. సిగరెట్ తాగేవాళ్లు దీని మీద చాలా వాదించేవారు. వాదన అనవసరం. తనిఖీలో దొరికిన చిన్న వస్తువే పంచనామాలోకి ఎక్కి కేసు మొహం మార్చేస్తుంది.

అగ్గిపెట్టె సంగతికి ఇంకో కారణం కూడా ఉంది. 2010 ఫిబ్రవరి 20న చలో అసెంబ్లీ నాడు ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య అనే విద్యార్థి ఆత్మాహుతి చేసుకున్నాక హాస్టళ్లలో ఒక కట్టుబాటు వచ్చింది. ఎవరూ ఒక్కరే పోవద్దు, జంటగా పోవాలి, జంటగానే తిరిగి రావాలి. రెండు రోజులుగా మాట్లాడకుండా ఉన్నవాణ్ని, మెస్‌కు రానివాణ్ని, తన పుస్తకాలు, బట్టలు వాళ్లకూ వీళ్లకూ ఇచ్చేస్తున్నవాణ్ని కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి గదిలో ఒంటరిగా వదలొద్దు. ఇంటికి ఫోన్ చేసి అన్ననో మేనమామనో పిలిపించాలి. ఉద్యమం గురించి రాసేవాళ్లు పాటల గురించీ సభల గురించీ రాస్తారు. ఈ కాపలా గురించి పెద్దగా రాయరు. ఇది లేకపోతే పోయినవాళ్ల పేర్ల జాబితా ఇంకా పొడుగయ్యేది.

ఇక రాత్రి పనులు. ర్యాలీ పగలు కనిపిస్తుంది గానీ దాని బరువంతా ముందటి రెండు రాత్రుల మీద ఉండేది. వాల్ పోస్టర్‌కు లై, అంటే అంటించే జిగురు, వండటం ఒక కళ. కిలో మైదాకు పది లీటర్ల నీళ్లు. మైదాను ముందు ఒక లీటరు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలుపుకోవాలి. మిగతా తొమ్మిది లీటర్లు తెర్లుతుండగా సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పుతూ ఉండాలి. పిండి తెలుపు పోయి గంజిలా మెరుపు రాగానే దించేయాలి. పొడి పిండిని నేరుగా వేడినీళ్లలో పోసినవాడికి ఉండలే మిగిలేవి, పోస్టర్ కింద ఆ ఉండలు గోళీల్లా పైకి తేలేవి. దించాక రెండు చెంచాల మైలుతుత్తం పొడి కలపాలి. అది లేకపోతే తెల్లారేసరికి పురుగులు, అంతకంటే ముందే ఆవులు పోస్టర్లు తినేసేవి. మాణికేశ్వర్‌నగర్ వైపు ఆవులకు అన్ని పార్టీల పోస్టర్లూ ఒకటే. మైలుతుత్తం విషం కాబట్టి మెస్ గిన్నెలు ముట్టుకోకూడదు. దానికంటూ విడిగా ఒక పాత బకెట్టు, ఒక కర్ర ఉండాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడగాలి.

అంటించడానికి ముగ్గురు. ఒకరు బకెట్టు, ఒకరు బ్రష్షు, ఒకరు పోస్టర్లు. గోడకు ముందు ఒక పూత, దాని మీద పోస్టర్, మళ్లీ పోస్టర్ మీద ఒక పూత. పై పూత వేయనివాడి పోస్టర్ మధ్యాహ్నం ఎండకు అంచులు లేచి సాయంత్రానికి రాలిపోయేది. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య పని ముగించాలి. నాలుగు దాటితే పాలవాళ్లు, పేపరు పిల్లలు, వాళ్ల వెనకే గస్తీ జీపు.

కరపత్రాలదొక తలనొప్పి. ఏ కరపత్రం మీదైనా అచ్చు వేసిన ప్రెస్సు పేరు, ఊరు ఉండాలని అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం చెప్పేది. పేరు వేస్తే ప్రెస్సు ఓనరు స్టేషన్‌కు పోవాలి, వేయకపోతే అదే ఒక నేరం. అందుకే ప్రెస్సువాళ్లు "ఒద్దు తమ్మీ, షాదీ కార్డులుంటే తేండ్రి" అనేవారు. చివరికి జిరాక్స్ షాపులే దిక్కు. ఏ4 కాగితాన్ని నాలుగు చేస్తే ఒక రీముకు రెండు వేల ముక్కలు వస్తాయి. దాని మీద ఎనిమిది వాక్యాలకు మించి పట్టవు. అది మంచికే అయింది. ఏ4 నిండా రాసినవాటిని ఎవరూ చదివిన పాపాన పోలేదు.

బ్యానర్ గుడ్డదైతే ఎనామిల్ రంగుతో రాయాలి, ఒక రాత్రంతా తాడు మీద ఆరనివ్వాలి. తొందరపడి మడతపెడితే అక్షరాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, తెల్లారి విప్పితే "జై" ఒక వైపు, దాని నీడ ఇంకో వైపు. పది అడుగుల బ్యానర్‌కు కనీసం నాలుగు చోట్ల అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టాలి, లేకపోతే గాలికి తెరచాపలా ఉబ్బి కర్రలు పట్టుకున్న ఇద్దరినీ వెనక్కి తోసేస్తుంది. క్యాంపస్ చెట్ల మధ్య ఇది తెలియదు. హుస్సేన్‌సాగర్ గట్టెక్కాక తెలుస్తుంది. అట్టల మీద పోస్టర్ కలర్‌తో రాసినవి చవక, వాన చినుకు పడితే చాలు రంగు కారి చొక్కాల మీదికి వస్తుంది. 2012 సెప్టెంబర్ 30 నాటి సాగరహారం మార్చ్ సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీద కురిసిన వానలో ఈ తేడా ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

డప్పు కూడా వానకు లొంగేదే. మేక తోలు తడి పీలిస్తే జారిపోతుంది, గట్టిగా కొడితే బద్ధకంగా "దబ్" అంటుంది. ఎండు గడ్డి, పాత పేపర్ల మంట మీద తిప్పుతూ కాచాలి, వేలితో మీటి చూస్తూ ఉండాలి. దగ్గరగా పెడితే తోలు పగులుతుంది. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. పట్నం కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు రెండు చేతుల్లో ఒకే రకం పుల్లలు పట్టుకుని కొడుతుంటే నల్లగొండ నుంచి వచ్చినవాళ్లు నవ్వేవారు, తర్వాత కూర్చోబెట్టి నేర్పేవారు.

నినాదం ఇచ్చేవాడు అందరికంటే ముందుండాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా ఉంటే వాడి గొంతు ముందుకే పోతుంది, వెనకవాళ్లకు వాడి వీపు తప్ప ఏమీ రాదు. ముందు వరుస నుంచి పది పదిహేను వరుసలు వెనక, ఒక అంచున వెనక్కి తిరిగి నడుస్తూ ఇవ్వాలి. వెనక్కి నడిచేవాడి భుజం పట్టుకోవడానికి ఇంకొకడు. ర్యాలీ పొడుగైతే ఒకడి గొంతు చాలదు. నూట డెబ్భై మీటర్ల దూరానికి శబ్దం చేరడానికి అర సెకను పడుతుంది, ముందువాళ్లు "జై" అనేసరికి వెనకవాళ్లు ఇంకా "తెలంగాణ" దగ్గరే ఉంటారు, మొత్తం గజిబిజి. అందుకే యాభై మందికొకడు చొప్పున గొంతున్నవాళ్లను ముందే పంచుకునేవాళ్లు. మైకు ఆటో ఉంటే దాని హారన్లు ముందుకు తిప్పి, మాట్లాడేవాడు హారన్ల వెనక ఉండాలి. మైకు హారన్ ముందుకొస్తే కీచుమనే మోత తప్పదు. ఆటో బ్యాటరీకే యాంప్లిఫయర్ తగిలిస్తే రెండు గంటల్లో ఆటో స్టార్టు కాదు, దాన్ని తోయడానికి ఇరవై మంది ఎలాగూ ఉంటారనుకోండి. విడిగా ఒక బ్యాటరీ అద్దెకు తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు.

ఆర్ట్స్ కాలేజీ నుంచి ట్యాంక్‌బండ్‌కు ఆరు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎన్‌సీసీ గేటు, అడిక్‌మెట్, విద్యానగర్, బాగ్‌లింగంపల్లి, ఇందిరా పార్కు. మామూలు రోజున గంటంబావు నడక. ర్యాలీ రోజున చాలాసార్లు ఎన్‌సీసీ గేటే ఆఖరి స్టేషన్ అయ్యేది, ముళ్ల కంచె, దాని వెనక బాష్పవాయువు పేల్చే పోలీసుల వజ్ర వాహనం. మిలియన్ మార్చ్ నాడు తెలివైనవాళ్లు గుంపుగా పోలేదు. ముందు రాత్రే ఇద్దరిద్దరుగా బయటపడి చిక్కడపల్లిలో, దోమలగూడలో, కవాడిగూడలో తెలిసినవాళ్ల ఇళ్లలో, చదువుకునే గదుల్లో తలదాచుకున్నారు. చేతిలో జెండా లేదు, మెడలో కండువా లేదు, సంకలో ఒక నోట్సు పుస్తకం. పెండ్లివాళ్లలా ముస్తాబై వచ్చినవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మార్చి నెల, పరీక్షల కాలం. నోట్సు పట్టుకుని నడిచేవాణ్ని ఎవరు ఆపుతారు?

ఆ సాయంత్రం గట్టు మీద విగ్రహాలు కూలాయి. ఆ మాట దాటేసి ఈ జ్ఞాపకాలు రాయడం న్యాయం కాదు. కోపానికి కారణాలు చాలా చెప్పారు, కొన్నింటిలో నిజముంది. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్ల సిలబస్‌లో ఉన్న కవులు కూడా ఆ నీళ్లలో పడ్డారన్నదీ నిజమే. అది జరగకుండా ఉండాల్సింది. మిలియన్ మార్చ్ అనగానే బయటివాళ్లకు అదే గుర్తుండిపోయింది, అన్ని కంచెలు దాటి అక్కడికి చేరిన జనం గుర్తుకు రాలేదు.

బాష్పవాయువు గురించి హాస్టళ్లలో తిరిగిన చిట్కాల్లో సగం పనికిరానివి. ఉల్లిగడ్డ వాసన చూడటం, కళ్ల కింద టూత్‌పేస్ట్ రాసుకోవడం వంటివి చేస్తే మంట పెరగొచ్చే తప్ప తగ్గదు. పనిచేసేవి మామూలు పనులే. గుండు పడగానే పొగ ఎటు పోతుందో చూడాలి, గాలికి ఎదురుగానో అడ్డంగానో నడవాలి, గాలి పోయే దిక్కున పరుగెత్తితే పొగా వెంటే వస్తుంది. పొగ కిందికి దిగి నేల మీద పాకుతుంది, అందుకని కూర్చోకూడదు, పల్లంలో దాక్కోకూడదు. తడిరుమాలు ముక్కుకు, నోటికి. కళ్లు నలిపితే పొడి లోపలికి ఇంకుతుంది, శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగాలి, అరలీటరు సీసా ఆ పనికే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవాళ్లు ఆ రోజు కళ్లద్దాలతో రావాలి. గుండును చేత్తో ఎత్తి విసిరే వీరులు ఉండేవాళ్లు. అది కాలుతుంది, వాళ్ల అరచేతులే సాక్ష్యం. గదికి వచ్చాక ముందు చన్నీళ్లతో స్నానం, బట్టలు విడిగా ఉతకాలి. అదే చొక్కాతో మంచం మీద పడుకున్నవాడి గదిలో అర్ధరాత్రి అందరూ తుమ్మేవారు. పదిహేను ఇరవై నిమిషాల్లో మంట తగ్గిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం ఆ లెక్క వర్తించదు, వాళ్లు ముందు వరుసలో ఉండకూడదు.

అమ్మాయిల ఇబ్బంది వేరు. దారిలో ఎక్కడా బాత్రూంలు ఉండవు కాబట్టి పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లు, రెండింటికల్లా కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. విద్యానగర్‌లో, అడిక్‌మెట్‌లో తలుపు తీసి లోపలికి రమ్మనే ఇళ్లు కొన్ని ఉండేవి, ఆ ఇళ్ల గుర్తులు అమ్మాయిలకు తెలిసేవి. వాటిని మగపిల్లలకు చెప్పేవాళ్లు కాదు. మంచి పనే. చున్నీ రెండు కొసలు వెనక ముడి వేసుకోవడం, చెప్పులకు బదులు బూట్లు, సాయంత్రం వార్డెన్ గేటు మూసే లోపు తిరుగుదారి, ఇవీ వాళ్ల లెక్కలు. సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్లను మామూలుగా అరెస్టు చేయకూడదని చట్టంలో ఉందన్న సంగతి లా కాలేజీ అమ్మాయిలే అందరికీ చెప్పారు.

ఇప్పుడు బూటులో దాచిన వంద నోటు దగ్గరికి వద్దాం. ముందస్తు అరెస్టు అప్పట్లో సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 151 సెక్షన్ కింద చేసేవారు. దాని కింద 24 గంటలకు మించి ఉంచకూడదు. వ్యాను ఎక్కించి ఎక్కువగా గోషామహల్ స్టేడియానికి తీసుకుపోయేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుని, ఒక పులిహోర పొట్లం ఇచ్చి, చీకటిపడే వేళకు సొంత పూచీకత్తు మీద వదిలేసేవారు. వదిలేశాక అసలు కష్టం మొదలయ్యేది. ఫోన్ చచ్చిపోయి ఉంటుంది, సిటీ బస్సులు నడవవు, క్యాంపస్ ఎనిమిది కిలోమీటర్లు. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకోవడానికి ఆ బూటు నోటే దిక్కు.

సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి. ఇది ఒక్కటి పాటించినవాళ్లు తర్వాత చాలా కష్టాలు తప్పించుకున్నారు. 151 కింద పట్టుకుని వదిలేయడం వేరు, ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కడం వేరు. అప్పటి ఐపీసీ సెక్షన్లలో 143 (చట్టవిరుద్ధంగా గుంపు కూడటం), 188 (అధికారుల ఉత్తర్వు ధిక్కరించడం) లాంటివి ర్యాలీకి మామూలుగా పెట్టేవి. 353 ఉందంటే, అంటే విధుల్లో ఉన్న ఉద్యోగిని బలప్రయోగంతో అడ్డుకున్నట్టు రాశారంటే, వెంటనే వకీలును కలవాల్సి వచ్చేది. రైల్ రోకోకు పోతే రైల్వే చట్టం 174 సెక్షన్, ఆ కేసు రైల్వే కోర్టులో నడుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం కేసులు ఎత్తేస్తున్నామని ప్రకటించినప్పుడు సంబరపడ్డ చాలామందికి తమది రైల్వే కేసని, అది ఆ ప్రకటనలోకి రాదని తర్వాత తెలిసింది.

ఎత్తేయడం కూడా జీవోతో అయిపోదు. జీవో వచ్చాక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పటి సీఆర్‌పీసీ 321 సెక్షన్ కింద కోర్టులో పిటిషన్ వేయాల్సి ఉండేది, జడ్జి ఒప్పుకుంటే అప్పుడు కేసు ముగిసినట్టు. ఈ మధ్యలో వాయిదాకు పోకపోతే వారెంటు వస్తుంది. చదువైపోయి ఊరికి పోయినవాడి చిరునామా కోర్టు కాగితాల్లో ఇంకా హాస్టల్ గది నంబరే ఉంటుంది, సమన్లు అక్కడికే పోతాయి, ఆ గదిలో ఇప్పుడు ఇంకెవడో ఉంటాడు. రెండేళ్ల తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినప్పుడో, కొలువు వచ్చి పోలీసు వెరిఫికేషన్ జరిగినప్పుడో బయటపడుతుంది. సర్కారు కొలువు అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, కేసు నడిచిందా అని విడివిడిగా అడుగుతారు. లేదని రాసి దొరికితే కేసు కంటే ఆ అబద్ధమే ఎక్కువ చేటు చేస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాసి కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ జత చేసినవాళ్లలో చాలామంది బయటపడ్డారు. అందుకే కేసు కొట్టేసిన రోజునే ఆ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత రికార్డు రూంలో వెతికించడం వేరే ఉద్యమం.

హాజరు లెక్క కూడా ఫైనలియర్ వాడికి వేళ్ల మీద ఉండేది. 75 శాతం కావాలి. 65కు పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ (తక్కువైన హాజరుకు మినహాయింపు) ఫీజుతో గట్టెక్కొచ్చు. తొంభై రోజుల క్లాసులకు ఇరవై రెండు రోజులు చేతిలో ఉంటాయి. బంద్ రోజున క్లాసే జరగదు కనుక అది లెక్కలోకి రాదు. క్లాసు జరుగుతుండగా వీడు గేటు దగ్గర ఉన్న రోజే ఖర్చు. సార్లలో ఉద్యమంలో ఉన్నవాళ్లు చాలామందే, వాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. ల్యాబు దగ్గర మాత్రం ఏ ఉద్యమమూ పనిచేయలేదు. ప్రయోగం చేయనివాడి రికార్డు మీద సంతకం పడేది కాదు, ఇంటర్నల్ మార్కులు అక్కడే పోయేవి. సైన్సు పిల్లలు ర్యాలీలో తక్కువ కనబడటానికి కారణం ఇదే, ధైర్యం చాలక కాదు. ఈ మాట ఆర్ట్స్ వాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు.

అన్నిటికంటే మోసం చేసింది వాయిదా పడ్డ పరీక్ష. వాయిదా పడగానే హాస్టలంతా కేరింతలు. సెలవులంటే మెస్ మూతపడుతుంది, జిల్లాల పిల్లలు ఊళ్లకు పోతారు. కొత్త తేదీ ఒక పొద్దున పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది. సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు, పేపర్ చూసినా రావడమెలా? ఆదిలాబాద్ వైపు వాళ్లు లారీలెక్కి వచ్చేవారు. ఆ సెప్టెంబర్ నెలాఖరులోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు వంద ఎస్సెమ్మెస్‌ల పరిమితి పెట్టింది, క్లాస్ రిప్రజెంటేటివ్ అరవై మందికి పరీక్ష తేదీ పంపేసరికి వాడి కోటాలో సగానికి పైగా అయిపోయేది. ఫలితాలు ఆలస్యమైతే ఇంకో యూనివర్సిటీలో సీటు, ఆఫర్ లెటర్ వచ్చిన కంపెనీ, రెండూ ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఆగవు. 1969 తెలంగాణ ఉద్యమం నాడు చదువుకున్న పెద్దవాళ్లు "మా ఏడాది మొత్తం పోయింది" అనేవారు. అటు విశాఖలో 1972-73 జై ఆంధ్ర నాటి వాళ్లూ అదే మాట చెప్తారు. ఈ బ్యాచ్‌లకు ఏడాది పోలేదు. నెలలు నెలలుగా పోయింది.

సాయంత్రం ఊరి నుంచి ఫోన్ వచ్చేది. "ఏడున్నవ్ బిడ్డా? టీవీల మీ కాలేజే చూపెడ్తున్నరు." "లైబ్రరీల ఉన్న నాయినా." వెనక డప్పు మోగుతూనే ఉండేది. నాయినకు తెలుసు. అటు నుంచి కాసేపు మాట ఉండేది కాదు. "సరే, తిన్నవా మరి?" అనేవాడు.

ఆఖరి పరీక్ష రాశాక నో డ్యూస్ కోసం తిరగాలి. లైబ్రరీ టోకెన్లు, ల్యాబు, మెస్ బిల్లు, హాస్టల్ ఆఫీసు, ఒక్కో చోట ఒక్కో ముద్ర. గది ఖాళీ చేసేటప్పుడు ట్రంకు పెట్టె ఊరికి పోయేది. దుప్పటి, బల్బు, కిరోసిన్ స్టవ్వు నాన్ బోర్డర్‌కు. తలుపు వెనక లై బకెట్టు మిగిలేది, అడుగున మైలుతుత్తం నీలం మరకతో. ఎన్నిసార్లు తోమినా పోయేది కాదు. దాన్ని పక్క గది సెకండియర్ వాడి చేతికిచ్చి ఒక మాట చెప్పి పోవాలి.

"తమ్మీ, దీంట్ల మాత్రం అన్నం వండకుండ్రి."